ఎత్తని ఫోను

లేని మనుషుల ఫోన్లు నింపడం నా ఉద్యోగం. మా ఆట ఆడేవాళ్లకు ఎవరిదో ఫోను దొరుకుతుంది. దాని తాళం తీసి, మెసేజ్‌లు చదివి, ఫొటోలు తిరగేసి, ఆ మనిషి ఎవరో, ఏమైపోయిందో కనిపెట్టాలి. ఆ మెసేజ్‌లన్నీ నేనే రాసేదాన్ని. కూరగాయల చిట్టాలు, అలకలు, సంజాయిషీలు, చుట్టాల గ్రూపులో తెల్లారకముందే వచ్చిపడే గుడ్ మార్నింగులు. పదేళ్లు రాశాను. రాసి రాసి, మా సొంత అక్కకు రెండు ముక్కలు మెసేజ్ పెట్టాలన్నా ఒళ్లు బరువెక్కే స్థితికి వచ్చాను. మా ఇంట్లో పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను గానీ, లేని మనుషుల పెళ్లిళ్లకు మాత్రం శుభలేఖలు భేషుగ్గా రాశాను.

మా ఆఫీసు విశాఖపట్నంలో, సముద్రం కనిపించే కొండ మీద ఉండేది. ఫణీంద్ర మా యజమాని. ‘పూరక’ అనే ప్రోగ్రామును పుట్టించినవాడూ అతనే. చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే ఎప్పుడో మానేసి పోయేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను తన గదికి పిలిచాడు. బల్ల మీద అద్దం పగిలిన ఫోను ఒకటి, దానికో తీగ, ఆ పక్కన తెర.

"వాసంతిగారూ, దీన్ని పలకరించండి" అన్నాడు.

ఏం రాయాలో తోచక "తిన్నారా?" అని కొట్టాను. తర్వాత ఒక ఆడగొంతు, కొంచెం బొంగురుగా, నవ్వుతున్నట్టుగా పలికింది.

"ఏం తినడమమ్మా. ఐసులో రొయ్యలు వొలిచి వొలిచి వేళ్లు నావి కాకుండా పోయినియ్యి. చద్దన్నం రెండు ముద్దలు మింగేను. నువ్వు తిన్నావా?"

నేను కుర్చీలో వెనక్కి జరిగాను. "ఎవరీవిడ? ఎక్కడి నుంచి మాట్లాడుతోంది?"

"ఎక్కడి నుంచీ కాదు. రెండేళ్ల కిందట చనిపోయింది" అన్నాడు ఫణీంద్ర. "మెసేజ్‌లు చదివితే సగం మనిషే దొరుకుతుంది. పూరక మిగతా సగం చూస్తుంది. ఏ మాట రాసి చెరిపేసిందో, ఏ పేరు దగ్గర వేలు ఆగిందో, నడిచేటప్పుడు ఫోను ఎంత ఊగిందో, ఏ పూట అసలు ముట్టుకోలేదో, అన్నీ కలిపి ఖాళీలు నింపుతుంది. మనిషి తన గురించి అబద్ధం చెబుతాడండీ. ఫోను చెప్పదు."

పాడైన ఫోన్లను విడిభాగాల కోసం తూకానికి కొనేవాళ్లం. ఇది అందులో వచ్చిందట. ఇంట్లోవాళ్లను అడగొద్దా అన్నాను. పేర్లు మారుస్తాం, ముఖాలు మారుస్తాం, ఇంకేం మిగులుతుంది అన్నాడు. గొంతు మిగులుతుందని నాకు అప్పుడే తట్టింది. అయినా నోరు మెదపలేదు. అలాంటి గొంతును నేను పదేళ్లు రాసినా పుట్టించలేను. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆవిడ పేరు సువార్త. ఆటలో సుగుణ అని మార్చాం. కాకినాడ దగ్గర రొయ్యల షెడ్డులో కూలి. చర్చిలో పాటలు పాడేది. చర్చి గ్రూపులో ఆఖరి మెసేజ్‌లు చూసే ఆవిడ పోయిందని తెలుసుకున్నాం. ‘మన సువార్తక్క ప్రభువునందు నిద్రించింది’ అని పదిహేడు మంది ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. ఎలా పోయిందో ఎవరూ రాయలేదు.

ఆ ఫోనును నెల రోజులు తవ్వాను. నాకు కావలసింది ఒక నేరం. నేరం లేకపోతే ఆట లేదు. చివరికి కాల్స్ చిట్టాలో దొరికింది.

భర్త పేరు ‘రంగులాయన’ అని పెట్టుకుంది. ఇళ్లకు రంగులు వేసే మనిషి. మూడున్నరేళ్లలో ఆవిడ అతనికి రెండువేల నూట ఎనభై నాలుగు సార్లు ఫోను చేసింది. పొద్దున ఆరింటికి ముందు ఒకసారి, సాయంత్రం మూడు దాటాక ఒకసారి. ఒక్కటంటే ఒక్కటి అతను ఎత్తలేదు. చూసినకొద్దీ నా ఒళ్లు మండింది. నిజంగా మండింది. ఎంత రాతిగుండె ఉంటే కట్టుకున్నదాని ఫోను అన్నిసార్లు మోగనిస్తాడు అనుకున్నాను. పైగా అక్కకు పంపిన వాయిస్ మెసేజ్‌లో ఆవిడే అంటోంది: "ఎత్తడక్కా. మా ఆయన నా ఫోను ఎత్తడు." నాలుగు సెకన్ల ముక్క. దాన్ని అక్కడికి కోసి ఆట ప్రకటనలో పెట్టాం. దాని కింద వాక్యం నాదే: ‘2,184 కాల్స్. ఒక్కటీ ఎత్తలేదు.’

ఇక ఆఖరి రోజు. పొద్దున అయిదు యాభై రెండుకు ఒక కాల్. తర్వాత మధ్యాహ్నం దాకా ఫోను కదల్లేదు. ఆరు గంటల పాటు ఒకే చోట, వెల్లకిలా. మా ఆఫీసులో చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినా ఫోను వెంట ఉండాల్సిందే. ఆరు గంటలు ఫోను కదల్లేదంటే మనిషి పడిపోయి ఉండాలి. నాకూ అదే తోచింది, పూరకకూ అదే తోచింది. ఆ ఖాళీని అది ఏడు కాల్స్‌తో నింపింది. ఏడింటికీ గొంతు ఇచ్చింది.

"ఎత్తయ్యా. తల పగిలిపోతంది. ఎత్తు. ఎందుకెత్తవు?"

"ఇవి నిజంగా చేసిందా?" అని ఫణీంద్రను అడిగాను.

"చిట్టాలో లేవు. కానీ తొంభై ఒక్క శాతం చేసే ఉంటుంది" అన్నాడు.

తొంభై ఒక్క శాతం అంటే నాకు చాలా ఎక్కువ అనిపించింది. మా ఇంజనీర్లు వారం రోజులు భోజనం దగ్గర ఆ గొంతు గురించే మాట్లాడుకున్నారు. ఇద్దరు కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆట అలా తయారైంది. దొరికిన ఫోనులోంచి సుగుణ అడుగుతుంది: "మా ఆయన ఎందుకు ఎత్తలేదు?" ఆడేవాళ్లు ఫోనంతా వెతికి జవాబు చెప్పాలి. తప్పు చెబితే ఏడుస్తుంది, మళ్లీ అడుగుతుంది. ‘కావాలనే ఎత్తలేదు’ అని చెబితే "పోనీలే, ఇప్పటికైనా తెలిసింది" అంటుంది. ఆ తర్వాత ఆవిడ మనసు కుదుటపడి, మనతో కబుర్లు చెబుతుంది. ఎంతసేపైనా చెబుతుంది. ఆ చివరి భాగం అందరికీ తెగ నచ్చింది. సరైన జవాబు ఏదో తేల్చింది నేను.

జనం ఆ ఆటకు ఎగబడ్డారు. ఆవిడ గొంతు రీల్స్‌లోకి ఎక్కింది. ఆడవాళ్లు ఆ నాలుగు సెకన్ల ముక్కకు పెదాలు కదుపుతూ మొగుళ్లను ఆటపట్టించారు. నేనూ నవ్వుకున్నాను.

ఆట వచ్చిన నలభయ్యో రోజున ఒక అమ్మాయి మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. తెల్ల చుడీదారు, భుజాన సంచి, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లు ఉంటాయి. కాకినాడలో నర్సింగు చదువుతోందట. పేరు షారోను. రీల్స్‌లో ఆ గొంతు విని బస్సెక్కి వచ్చింది.

"ఇది మా అమ్మ గొంతు మేడమ్" అంది. దబాయించలేదు, ఏడవలేదు. "మీ మీద కేసు పెడదామని రాలేదు. ఒక్క మాట అడగాలని వచ్చేను. మా నాన్న నిజంగానే ఎత్తలేదా?"

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆరో తరగతి నుంచీ నేను హాస్టల్లోనే ఉన్నాను. సెలవులిస్తే పెద్దమ్మ దగ్గరకి పంపేసేవోరు. ఇంట్లో వాళ్లిద్దరూ ఎలా ఉండేవోరో నాకు తెలీదు. అమ్మ షెడ్డులో కింద పడేలోపే ప్రాణం పోయిందని, నెప్పి కూడా తెలిసుండదని డాక్టరు చెప్పేరు. మెదడులో నరం చిట్లిందంట. నేనూ నాన్నా ఆ ఒక్క మాట పట్టుకుని బతికేం. ఇప్పుడు అమ్మ తల పగిలిపోతందని ఏడుసార్లు ఫోను చేసిందంటన్నారు. మా నాన్నని అడిగితే, మాట్లాడకుండా కూర్చున్నాడు. నేను ఇల్లొదిలేసి హాస్టలుకెల్లిపోయేను. ఆయన తప్పు చేసేడో లేదో తెలీకుండా ఆయన మొహం చూడలేను మేడమ్. నాకింకెవరూ లేరు."

"షెడ్డులో పడిపోయిందా? ఇంట్లో కాదా?" అన్నాను.

"షెడ్డులోనే. ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంది. లోపలికి ఎవర్నీ తీసుకెల్లనివ్వరు కదా. నీళ్లలో పడిపోతాయని, పని మానేసి చూసుకుంటారని. పొద్దున్నే అందరియ్యీ పెట్టెలో పెట్టించేసుకుంటారు."

ఆరు గంటలు వెల్లకిలా. పనికెళ్లిన ప్రతిరోజూ అలాగే ఉండి ఉంటుంది; నేను ఆ ఒక్క రోజునే తీసి పూరకకు చూపించాను. ఆ ఏడు కాల్స్ ఆవిడ చేయలేదు. చేయడానికి ఆవిడ చేతిలో ఫోను లేదు.

"వారం రోజులు నాకు టైమివ్వు" అని షారోనుకు చెప్పి, ఆ సాయంత్రమే కూర్చుని సువార్త అక్కకు పంపిన మాటలు మొదటి నుంచి విన్నాను. నాలుగు సెకన్ల తర్వాత ఏముందో అంతవరకు నేను వినలేదు. వినాల్సిన పని పడలేదు, కావలసింది దొరికింది కదా.

"ఎత్తడక్కా. మా ఆయన నా ఫోను ఎత్తడు. చేతినిండా రంగే కదా, ఎలా ఎత్తుతాడు? మోగితే నేను చేరేనని లెక్క, సాయంత్రం మోగితే బయల్దేరేనని లెక్క. పాత ఫోనున్నప్పుడు ఓరోజు పొరపాట్న ఎత్తేసేడక్కా, ఇంట్లో ఏం కొంప మునిగిపోయిందోనని నా గుండె జారిపోయింది." ఆ వెనక పెద్ద నవ్వు.

మిస్డ్ కాల్. మా తరంలో అందరం చేసిన పని. నేను ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టలుకు చేరగానే మా నాన్నకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేదాన్ని. ఆయన ఆ మోత విని నిద్రపోయేవాడు. నాలుగేళ్లు అలా చేశాను. ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. అది మరిచిపోయి, ఒక రంగుల పనివాణ్ణి పట్టుకుని రాతిగుండె అన్నాను. నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఎవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు.

ఆటను ఆపేయమని ఫణీంద్ర గదిలో కూర్చుని పట్టుబట్టాను. అతను ఆపించాడు. కానీ పూరక ఆడేవాళ్ల ఫోనులోనే ఉంటుంది. ఒకసారి దింపుకున్నవాళ్ల దగ్గర మేం ఆపినా ఆగదు.

సువార్త భర్త దానియేలు ఇల్లు కాకినాడ శివార్లలో, ఉప్పుటేరు పక్కన కాలనీలో ఉంది. ఒకటే గది. నాలుగు గోడలకూ నాలుగు రంగులు, పనుల్లో మిగిలిన డబ్బాలతో వేసినవి. మనిషి సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు. నేనెవరో చెప్పాక తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను.

"ఆయ్, కూర్చోండి మేడంగారు" అని చాప దులిపి వేశాడు.

నేను చెప్పాల్సిందంతా గబగబా చెప్పేశాను. ఆ ఏడు కాల్స్ మేం కల్పించినవని, ఆవిడ చేయలేదని, ఫోను పెట్టెలో ఉందని. సువార్త మాటలు పూర్తిగా వినిపించాను.

"అవునండి. ఆ రోజు పొరపాట్న ఎత్తేసేను. నెల్లాళ్లు దెప్పింది" అన్నాడు. "కానీ అది ముందెప్పుడో అన్న మాటండి. ఇది ఆఖరి మాట కదండి" అన్నాడు.

"ఇది ఆవిడ మాట కాదండీ, మా యంత్రం మాట!"

"గొంతు దానిదే కదండి."

అతను పాత సామాన్లవాడికి ఇచ్చేసిన అసలు ఫోనునే తీసుకెళ్లాను. ఆ రోజు చిట్టా తెరిచి చూపించాను. అయిదు యాభై రెండుకు ఒక్కటే కాల్, తర్వాత ఏమీ లేదు. అతను దాన్ని చూసి, నా ముఖం చూశాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

"చచ్చిపోయినదానిచేత మాటాడించేరు. దీన్లో రెండు గీతలు చెరపలేరా అండి?"

చెరపగలం. చెరపలేదని నేను ఎలా రుజువు చేయను? అతని సొంత ఫోను బటన్లది. ఆఖరి ఇరవై కాల్సే అందులో నిలుస్తాయి. సువార్త పోయిన రోజు ఊరంతా అతనికి ఫోను చేసింది. అంతకు ముందున్నవన్నీ పోయాయి.

"ఆ రోజు సొక్కా విప్పి నిచ్చెనకి తగిలించేనండి. ఫోను జేబులోనే ఉంది. మోగిందో లేదో నాకు తెలీదండి. మోగినా దిగేవోణ్ణి కాదు కదా, ఎప్పుడూ దిగలేదు కదా" అన్నాడు. "ఆవిడ ఫోను గేటుకాడి వాచ్‌మేనే తెచ్చిచ్చేడు. పెట్టిలోంచే తీసేడా అంటే, తీస్తంటే నేను చూసేనా?"

"రెండేళ్లు మీకు ఈ అనుమానం లేదు కదండీ."

"లేదండి. మీరొచ్చేదాకా లేదు."

అతని చేతిలో పెద్ద ఫోను ఒకటి ఉంది. పక్కింటివాళ్ల దగ్గర కొన్నాడట, ఈ ఆట కోసమే. అందులోంచి సువార్త అడుగుతూనే ఉంది. పేరు మార్చినా అతనికి ఆవిడ సువార్తే.

"చెప్పయ్యా. ఎందుకెత్తలేదు?"

"చేతులకి రంగే. చెప్పేను కదే" అన్నాడు దానియేలు మెల్లగా.

"తల పగిలిపోతందయ్యా. ఎందుకెత్తలేదు?"

నేను ఉన్న గంటలో పద్నాలుగు సార్లు అడిగింది. పద్నాలుగు సార్లూ అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ప్రతిసారీ అది ఏడ్చింది, ఎందుకంటే అది తప్పు జవాబు. పనికి వెళ్లి ఇరవై రోజులైందని, ఏడుస్తున్నదాన్ని వదిలి ఎలా వెళ్లనని అన్నాడు. ఆ ఫోను లాక్కుని ఏట్లో విసిరేయాలనిపించింది. ఆ పని చేసి ఉంటే బాగుండేది.

వెళ్లబోతుంటే గుమ్మం దాకా వచ్చాడు. "మీరే రాసేరంటన్నారు కదండి. ఏం చెబితే ఊరుకుంటాదండి?"

చెప్పకూడదు. అది నాకు తెలుసు. కానీ ఆ మనిషి కళ్ల కింద నల్లటి గుంటలు, మాసిన గడ్డం, వెనకాల ఆ ఏడుపు. జాలిపడ్డాను. నా జీవితంలో నేను చేసిన అన్ని తప్పులూ తెలివితక్కువతో చేసినవే, ఇది మాత్రం జాలితో చేశాను.

"‘కావాలనే ఎత్తలేదు’ అనాలి" అన్నాను.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది అబద్ధం కదండి."

"ఆటే కదండీ. ఒక్కసారి అనేసి, తర్వాత దాన్ని తీసిపారేయండి. మీ అమ్మాయితో నేను మాట్లాడతాను."

షారోనుతో మూడు సార్లు మాట్లాడాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి వాళ్లమ్మ మాటలు పూర్తిగా విని, నా ఎదుటే ఫోను గుండెకు ఆనించుకుని ఏడ్చింది. నర్సింగు చదివే పిల్ల కదా, షెడ్డుకు వెళ్లి వాచ్‌మేన్‌ను పట్టుకుని, పెట్టె ఏ వేళకు తాళం వేస్తారో, ఏ వేళకు తీస్తారో తానే కనుక్కుంది. మూడోసారి ఆమే ఫోను చేసింది.

"ఆదివారం ఇంటికెల్తాను మేడమ్. మీరూ రండి. నాన్న నోటితో ఒక్కసారి ‘కావాలని కాదు’ అంటే చాలు. నా మీద కోపం తెచ్చుకోకుండా ఉంటే చాలు."

ఆదివారం చర్చి వదిలాక ఇద్దరం కాలనీలోకి నడిచాం. షారోను ఆయనకిష్టమని కోవా కట్టించుకుంది. దారిలో రెండుసార్లు చున్నీ సర్దుకుని, "తిడతాడంటారా?" అని అడిగింది. చాలా రోజుల తర్వాత నాకు ఊపిరి హాయిగా ఆడింది. ఒక్క పనైనా సరిచేస్తున్నాను అనుకున్నాను.

తలుపు తీసే ఉంది. లోపలి నుంచి నవ్వులు వినిపించాయి.

దానియేలు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చాప మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కంచం పక్కన గోడకు ఆనించి ఫోను ఉంది. అందులోంచి సువార్త నవ్వుతూ మాట్లాడుతోంది.

"ఆ గోడకి పచ్చరంగు వద్దని చెప్పేనా? వింటేనా నువ్వు. ఆస్పత్రిలా ఉందయ్యా ఇల్లు."

"మిగిలింది అదేనే మరి" అంటున్నాడు అతను.

ఆ గొంతు వినగానే షారోను గుమ్మంలోనే ఆగిపోయింది. కూతుర్ని చూసి దానియేలు గబుక్కున లేచాడు. ముద్ద కంచంలో పడిపోయింది. ఒక్క క్షణం అతని ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను చూశాను, అబద్ధం చెప్పను.

"నాన్నా" అంది షారోను. "మేడమ్ అంతా చెప్పేరు. అమ్మ మాటలు విన్నాను. వాచ్‌మేన్ని కూడా అడిగేను. నేను తొందరపడ్డాను. కానీ ఒక్కసారి నువ్వు నీ నోటితో చెప్పు నాన్నా. కావాలని ఎత్తకుండా ఉన్నావా?"

ఫోను మాటలు ఆపేసింది. వింటోంది. తెర మీద వినేటప్పుడు వెలిగే ఆకుపచ్చ చుక్క నాకు కనిపిస్తోంది.

"ముందు దాన్ని ఆపండి దానియేలుగారూ" అన్నాను.

అతను దాని జోలికి పోలేదు. నా దగ్గరకు వచ్చి, ఫోనుకు వినపడకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "మొన్నోసారి మనసాగక నిజం చెప్పేసేనండి. మళ్లీ మొదలెట్టేసింది. తల పగిలిపోతందని మూడ్రోజులు ఏడ్సింది. ఇప్పుడిప్పుడే నవ్వుతందండి."

"ఆపేసి చెప్పండి. అది మనిషి కాదు. మీ అమ్మాయి మీ ఎదురుగా నిలబడి ఉంది."

"ఆపితే ఎక్కడుంటాదండి?"

"నాన్నా" అంది షారోను మళ్లీ.

అతను కూతురి వైపు చూశాడు. గోడకు ఆనించిన ఫోను వైపు చూశాడు. ఎంగిలి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ చొక్కాకు మరక పడిన సంగతి కూడా అతనికి తెలియలేదు.

"అవునమ్మా" అన్నాడు, గదంతా వినిపించేలా. "కావాలనే ఎత్తలేదు."

షారోను కోవా పొట్లం గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. నేను వెంటపడి కాలనీ మలుపు దగ్గర చెయ్యి పట్టుకున్నాను. అది నిజం కాదని, ఆ యంత్రం వింటోందని, దాని ఏడుపు ఆపడానికే అలా అన్నాడని, ఆ జవాబు చెప్పింది కూడా నేనేనని ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె అంతా వింది. నమ్మింది కూడా, కళ్లలోనే తెలిసింది.

"ఎవరి కోసం చెప్పినా నా కోసం చెప్పలేదు కదా మేడమ్" అంది. చెయ్యి విడిపించుకుని ఆటో ఎక్కింది.

నా సంచి ఆ ఇంట్లోనే మరిచిపోయాను. తిరిగి వెళ్లేసరికి దానియేలు కంచం ముందు కూర్చునే ఉన్నాడు. అన్నం ముట్టుకోలేదు. ముఖమంతా కన్నీళ్లు, గొంతులో మాత్రం తొణుకు లేదు.

"ఎవరయ్యా వచ్చింది?" అని ఫోను అడుగుతోంది. "ఎవరో ఆడపిల్ల గొంతులాగుంది."

"ఎవరూ లేదే. పక్కింటోళ్లు."

"అయితే తలుపేసి రా. ఆ పచ్చరంగు సంగతి పూర్తి చేద్దాం."

అతను లేచి వచ్చి, నా సంచి నా చేతికి అందించి, నా ముఖం చూడకుండా తలుపు వేసుకున్నాడు.